బాక్టీరియా వేడిని ఎలా పసిగడుతుందో చాక్లెట్‌తో చూపించడం ఎలా?

శ్రీకాకుళంలో డిసెంబర్ పొద్దున్న కొబ్బరినూనె సీసా బోర్లించినా చుక్క రాదు. కాసేపు ఎండలో పెడితే చాలు, జారుతుంది. కలరా బాక్టీరియాలో ‘టాక్స్‌టీ’ అనే జన్యువు నుంచి వచ్చే ఆర్ఎన్ఏ (ప్రోటీన్ తయారీకి ఆ జన్యువు పంపే నకలు) కూడా ఇలాగే వేడికి లొంగుతుంది. చల్లని నీళ్ళలో మడతపడి ఉంటుంది, 37 డిగ్రీల మన పేగుల్లోకి చేరాక విడిపోతుంది. అప్పుడు తయారయ్యే ప్రోటీన్ కలరా విషం జన్యువులను నిద్ర లేపుతుంది. 2014లో తెలిసిన ఈ సంగతి పిల్లలకు చేతికి తగిలేలా చూపించాలని నా కోరిక.

ఆర్ఎన్ఏ అంటే ఏ, యూ, జీ, సీ అనే నాలుగు రసాయన అక్షరాల పొడవాటి వరస. దానికి బదులుగా 24 సెంటీమీటర్ల పొడవు, 3 వెడల్పు ఉన్న చార్ట్ ముక్క తీసుకోండి. ఎడమ చివర నాలుగు ‘యూ’లు రాయండి. 12 సెంటీమీటర్ల దగ్గర మొదలుపెట్టి ‘ఏ, జీ, జీ, ఏ’, కుడి చివర ‘ఏ, యూ, జీ’ రాయండి.

ఇప్పుడు 8 దగ్గర లోపలికి వంచండి. యూలు ఏజీజీఏకి ఎదురుగా వస్తాయి. మడత గట్టిగా నొక్కొద్దు, గాజులా గుండ్రంగా వదిలేయండి. ఆ బిగువే తర్వాత తెరుస్తుంది. కరిగించిన చాక్లెట్ చుక్కలు అక్షరాల పక్కన, అంచుల మీద పెట్టి, అతికించి, ఫ్రిజ్‌లో గట్టిపడనివ్వండి. వేసవిలో అయితే చూపించే ముందు మాత్రమే బయటికి తీయండి, లేకపోతే వరండాకి వచ్చేలోపే ఊడిపోతుంది.

ఒక బొట్టుబిళ్ళ చేతిలో పట్టుకోండి. అదే రైబోజోమ్, ప్రోటీన్ అల్లే యంత్రం. అది కూర్చోవాల్సిన చోటు ఏజీజీఏ, కానీ ఆ చోటు లోపల ఇరుక్కుంది. గోరువెచ్చని నీళ్ళున్న స్టీలు గ్లాసుకి మడతను ఆనించండి. చాక్లెట్ మెత్తబడి, కాగితం మెల్లగా నోరు తెరుస్తుంది. బొట్టు అతికించండి. అక్కడి నుంచి ‘ఏయూజీ’ దగ్గర ప్రోటీన్ అల్లిక మొదలవుతుంది.

అసలు ఆర్ఎన్ఏలో చాక్లెట్ స్థానంలో ఉండేది అక్షరాల జంటలే. జీ–సీ జంట గట్టిది. ఇక్కడున్నవి యూ–ఏ, యూ–జీ, రెండూ బలహీనమైనవి, అందుకే వేడికి త్వరగా వీడతాయి. లిస్టీరియా బాక్టీరియాలోనూ 2002లో ఇలాంటిదే కనుగొన్నారు.

ఒక్క తేడా తప్పకుండా చెప్పండి. చాక్లెట్ కరిగితే మీరే మళ్ళీ నొక్కి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఆర్ఎన్ఏ చల్లబడితే తనంతట తానే జంట కడుతుంది.