గుళికలు, పొడులు, పీచు: చదునుగా లేనివాటి రంగు కొలిచే పద్ధతి

చదునైన పెయింట్ ప్యానెల్ రంగు కొలవడం తేలిక. రంగును అంకెల్లో చెప్పే మెషీన్, స్పెక్ట్రోఫోటోమీటర్‌ను ఆనించి బటన్ నొక్కితే చాలు, ఎన్నిసార్లు నొక్కినా దాదాపు అవే అంకెలు వస్తాయి. ప్లాస్టిక్ గుళికలు, పిగ్మెంట్ పొడి, విడి పీచు, నూలు అలా కాదు. ఒకే సంచిలోంచి రెండు గుప్పిళ్లు తీసి కొలిస్తే రెండు రకాల అంకెలు వస్తాయి. మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు అక్కడే టెన్షన్ పడిపోతారు, మెషీన్‌ను అనుమానించి మళ్లీ మళ్లీ కాలిబ్రేట్ చేస్తారు, అంటే తెలిసిన ప్రమాణంతో సరిచూస్తారు. నా అనుభవంలో తేడా ఎక్కువగా వచ్చేది మెషీన్ నుంచి కాదు, శాంపిల్‌ను దాని ముందు పెట్టే తీరు నుంచి. అందుకే నేను వాళ్లకు మొదట శాంపిల్ పోసే గాజు కప్పు నింపడం నేర్పుతాను, ఆ తర్వాతే కొలవడం.

గుళికల మధ్య సందులుంటాయి. వాటిలోకి వెళ్లిన కాంతిలో కొంత తిరిగి రాదు, ఆ మేరకు మెషీన్ రంగును ముదురుగా చూపిస్తుంది. గుళిక నున్నగా ఉంటే దాని మెరుపు ఒక్కో కోణంలో ఒక్కోలా పడుతుంది. సగం పారదర్శకంగా ఉండే పదార్థమైతే కాంతి పక్కలకు పాకి, మెషీన్ చూసే వృత్తం దాటిపోతుంది. ఇవన్నీ ప్రతి కప్పులోనూ కొద్దిగా మారుతుంటాయి. వాటిని పూర్తిగా తీసేయలేం. ప్రతిసారీ ఒకేలా ఉంచగలం, మిగిలినదాన్ని సగటుతో తగ్గించగలం.

తేడా ఎక్కడ పుడుతోందో ముందు తేల్చండి

కొత్త పదార్థం చేతికొచ్చిన రోజున అసలు పని మొదలుపెట్టకముందే ఈ పరీక్ష చేయండి. కప్పు నింపి, కదపకుండా పది రీడింగులు తీయండి. వాటి మధ్య ఉండే తేడా మెషీన్‌ది. తర్వాత ప్రతి రీడింగుకీ కప్పును కొంచెం తిప్పుతూ పది తీయండి. తేడా బాగా పెరిగితే, కాంతి పడే దిశకు మీ పదార్థం స్పందిస్తోందన్నమాట. మూడోసారి ప్రతి రీడింగుకీ కప్పు ఖాళీ చేసి, కొత్తగా నింపి పది తీయండి. చివరగా ఇదే పని ఇంకొకరిచేత చేయించండి.

ఈ నాలుగు వరసల ప్రామాణిక విచలనాలు (రీడింగులు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకెలు) పక్కపక్కన రాసి చూస్తే ఎక్కడ శ్రమ పెట్టాలో తెలిసిపోతుంది. మొదటి వరస చాలా బిగుతుగా ఉండి, మూడోది వదులుగా ఉండటం మామూలే. అలాంటప్పుడు ఒకే కప్పు మీద ఇరవై రీడింగులు తీసినా లాభం లేదు. ఆ ఒక్క కప్పు గురించి మాత్రం చాలా కచ్చితంగా తెలుస్తుంది, సంచి గురించి కొత్తగా ఏమీ తెలియదు. మనిషి మారగానే అంకె మారితే, నింపే పద్ధతిని ఇంకా వివరంగా రాసుకోవాలి.

ఎన్నిసార్లు నింపాలన్నది కూడా ఈ పరీక్షే చెబుతుంది. కొత్తగా నింపుతూ తీసిన రీడింగుల్లో ఎల్ విలువ (రంగు ఎంత లేతో, ఎంత ముదురో చెప్పే అంకె) విచలనం 0.6 వస్తోందనుకోండి. సగటు 0.3 అటూ ఇటూ లోపల, సుమారు 95 శాతం నమ్మకంతో కావాలంటే 0.6ను రెట్టింపు చేసి 0.3తో భాగించండి. 4 వస్తుంది. దాని వర్గం 16, అంటే పదహారుసార్లు నింపాలి. 0.4 సరిపోతుందనుకుంటే తొమ్మిదిసార్లు చాలు. అన్నిటికీ మూడు రీడింగులు తీసి సగటు వేసే అలవాటు చాలాచోట్ల ఉంది. ఆ మూడు ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే ఎవరి దగ్గరా జవాబు ఉండదు. మీ పదార్థానికి ఎన్ని కావాలో లెక్కేసుకోండి.

మెషీన్‌లో ఎంచుకోవలసినవి

అపర్చర్, అంటే మెషీన్ చూసే రంధ్రం, వీలైనంత పెద్దది పెట్టండి. 25 మిల్లీమీటర్ల రంధ్రం 4 మిల్లీమీటర్ల దానికంటే దాదాపు 39 రెట్లు ఎక్కువ వైశాల్యం చూస్తుంది. 3 మిల్లీమీటర్ల గుళికలను 4 మిల్లీమీటర్ల రంధ్రంతో కొలిస్తే కనిపించేది ఒక గుళిక, దాని పక్క సందు. ఒక్కో రీడింగులో డజన్ల కొద్దీ గుళికలు పడాలని నేను పట్టుబడతాను.

జ్యామితిలో, అంటే కాంతి ఎటునుంచి పడుతుంది, మెషీన్ ఎటునుంచి చూస్తుంది అన్న అమరికలో, ప్రధానంగా రెండు రకాలు. 45/0లో కాంతి 45 డిగ్రీల నుంచి పడుతుంది, మెషీన్ నిట్టనిలువుగా చూస్తుంది. మెరుపు చాలావరకు పక్కకు పోతుంది కాబట్టి ఫలితం కంటికి కనిపించేదానికి దగ్గరగా ఉంటుంది. గరుకు పదార్థాలకు కాంతి ఒక్క వైపు నుంచి కాకుండా చుట్టూ వలయంలా పడే రకం తీసుకోండి, కప్పు తిప్పినప్పుడు వచ్చే తేడా తగ్గుతుంది. రెండోది డి/8. ఇందులో తెల్లటి గోళం లోపల కాంతి అన్ని వైపులకూ చెదిరి శాంపిల్ మీద పడుతుంది, ఉపరితలపు గరుకుతనం ప్రభావం తగ్గుతుంది. కొనేవారికి కనిపించే రూపం ముఖ్యమైతే నేను మొదటిది వాడతాను. రంగు పాళ్లు సరిచేయడానికైతే రెండోది, మెరుపును కలుపుకొని. ఏది ఎంచుకున్నా దానికే కట్టుబడండి. ఒకదాని అంకెలను రెండోదాని అంకెలతో పోల్చడం కుదరదు.

డి65 కాంతి (పగటి వెలుతురుకు ప్రామాణిక రూపం), 10 డిగ్రీల పరిశీలకుడు (సగటు మనిషి కంటికి ప్రామాణిక నమూనా) చాలా పరిశ్రమల్లో వాడుకలో ఉన్న జంట. కాలిబ్రేషన్‌కు తెల్ల టైల్, బ్లాక్ ట్రాప్ (కాంతిని మింగేసే నల్లటి గూడు) రెండూ శుభ్రంగా ఉండాలి. టైల్ మీద వేలిముద్ర పడితే ఆ తర్వాతి అంకెలన్నీ పక్కకు జరుగుతాయి.

కప్పు నింపడం

సంచి పైభాగం నుంచి చెంచాతో తీయకండి. రవాణాలో కుదుపులకు సన్నని రేణువులు కిందికి దిగుతాయి, పెద్దవి పైకి తేలుతాయి. అన్ని లోతుల నుంచీ తీసి, కుప్ప పోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు ఉంచుకోండి. కావలసినంత మిగిలేదాకా అలాగే చేయండి.

తర్వాత తూకం. కప్పులో ఎన్ని గ్రాములు పోయాలో నిర్ణయించుకుని ప్రతిసారీ అంతే పోయండి, ప్రతిసారీ అన్నేసార్లు తట్టండి. లోతు చాలుతుందో లేదో తెలుసుకోవడానికి వెనక ఒకసారి తెల్ల అట్ట, ఒకసారి నల్ల అట్ట పెట్టి కొలవండి. అంకె మారితే కాంతి పదార్థాన్ని దాటి వెనక్కి పోతోంది, లోతు పెంచండి. కప్పు మీద నల్లటి మూత వేయండి, లేకపోతే గదిలో వెలుతురు లోపలికి చేరుతుంది.

గాజు విషయంలో జాగ్రత్త. మామూలు గాజు ఒక్కో తలం నుంచి సుమారు 4 శాతం కాంతిని వెనక్కి పంపుతుంది. గాజు వెనక కొలిచిన అంకె, గాజు లేకుండా కొలిచిన అంకె వేర్వేరు. స్టాండర్డ్ (పోల్చడానికి పెట్టుకున్న నమూనా), శాంపిల్ రెండింటినీ ఒకే గాజు వెనక కొలవండి, గీతలు పడిన కప్పును పక్కన పెట్టేయండి.

పొడులకు జల్లెడ తప్పనిసరి. రేణువు సన్నబడేకొద్దీ కాంతి ఎక్కువగా చెదిరి పొడి లేతగా కనిపిస్తుంది, రంగు పదార్థం ఏమీ మారకపోయినా సరే. తేమ పెరిగితే ముదురుతుంది. కాబట్టి జల్లెడ సైజు, ఆరబెట్టే పద్ధతి రెండూ ముందే ఖాయం చేసుకోవాలి. వేడిగా ఉన్నదాన్ని అప్పుడే కొలవకండి, చాలా పిగ్మెంట్లు వేడికి కొద్దిగా రంగు మారతాయి.

నూలును చదునైన కార్డుకు ఒకే బిగువుతో, కార్డు కనిపించనంత మందంగా చుట్టండి. ఒకసారి కొలిచి, 90 డిగ్రీలు తిప్పి మళ్లీ కొలిచి సగటు తీయండి. విడి పీచును దువ్వి, తూచి, గాజు వెనక ఒకే ఒత్తిడితో నొక్కాలి. గాజు లేకుండా నొక్కితే పీచు ఉబ్బి రంధ్రంలోకి చొచ్చుకుపోతుంది, ఎంత చొచ్చుకుపోతే అంకె అంత మారుతుంది.

గుళికలను కరిగించి చదునైన పలక పోసి కొలవడం మంచి మార్గమే. కాకపోతే వేడికి కొన్ని ప్లాస్టిక్‌లు పసుపు పచ్చబడతాయి. అలా వచ్చేది పలక రంగు, గుళిక రంగు కాదు. రిపోర్టులో ఆ సంగతి స్పష్టంగా రాయాలి.

అంకెలు వచ్చాక

ఎల్, ఎ (ఎరుపు-ఆకుపచ్చ), బి (పసుపు-నీలం) విలువలను విడివిడిగా సగటు చేయండి. వర్ణ కోణాన్ని, అంటే రంగుల చక్రంలో రంగు ఎక్కడుందో డిగ్రీల్లో చెప్పే అంకెను, నేరుగా సగటు చేయకండి. ఎరుపు పదార్థానికి ఒక రీడింగులో 358 డిగ్రీలు, ఇంకోదాంట్లో 2 డిగ్రీలు వస్తే సగటు 180 అవుతుంది, అది ఆకుపచ్చ. సగటు ఎ, బి విలువల నుంచి కోణం లెక్కిస్తే ఈ సమస్య రాదు.

డెల్టా ఈ, అంటే రెండు రంగుల మధ్య మొత్తం తేడాను చెప్పే అంకె దగ్గర ఇంకా ఎక్కువ మంది తడబడతారు. ప్రతి రీడింగుకీ స్టాండర్డ్ నుంచి డెల్టా ఈ తీసి, వాటిని సగటు చేస్తుంటారు. డెల్టా ఈ ఎప్పుడూ రుణం కాదు. ఒక రీడింగు స్టాండర్డ్ కంటే 0.5 లేతగా, ఇంకోటి 0.5 ముదురుగా వచ్చాయనుకోండి, మిగతావన్నీ సమానమే. విడివిడి డెల్టా ఈల సగటు 0.5 వస్తుంది, కానీ సగటు రంగుకీ స్టాండర్డ్‌కీ తేడా సున్నా. ఇలాంటి లెక్క వల్ల మంచి లాట్ తిరస్కరణకు గురైతే దాన్ని తయారుచేసినవారికి అన్యాయం జరుగుతుంది. ముందు సగటు రంగు, తర్వాత డెల్టా ఈ.

రోజూ పని మొదలుపెట్టేముందు, అదే రకం పదార్థంలోంచి తీసి వెలుతురు తగలని డబ్బాలో దాచుకున్న రిఫరెన్స్ శాంపిల్‌ను పూర్తి పద్ధతిలో నింపి కొలిచి, ఆ అంకెను చార్టులో పెట్టండి. టైల్ మెషీన్‌ను మాత్రమే పరీక్షిస్తుంది, ఇది మీ చేతిని కూడా పరీక్షిస్తుంది. రిపోర్టులో అంకెల పక్కన జ్యామితి, మెరుపు కలిపారా లేదా, అపర్చర్, కాంతి, పరిశీలకుడు, గాజు, తూకం, ఎన్నిసార్లు నింపారు అన్నవి ఉండాలి.

రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ ముక్కల్లాంటి మిశ్రమాలకు ఈ పద్ధతి సగం జవాబే ఇస్తుంది. నీలం, తెలుపు ముక్కలు కలిసి ఉంటే సగటుగా వచ్చే లేత నీలం ఆ కుప్పలో ఏ ముక్క మీదా ఉండదు. వాటికి సగటుతో పాటు విచలనాన్ని కూడా రిపోర్టు చేయండి. ముక్కల నిష్పత్తే ముఖ్యమైతే, కాలిబ్రేట్ చేసిన కెమెరాతో ఫొటో తీసి ఒక్కో రంగు ఎంత వైశాల్యం ఆక్రమించిందో లెక్కించే పద్ధతికి వెళ్లండి.