బాలల చిత్రోత్సవంలో జ్యూరీగా కూర్చునే యానిమేటర్లకు

జ్యూరీ సభ్యత్వానికి పిలుపు రాగానే యానిమేటర్ మొదట చేయవలసిన పని, పోటీ చిత్రాల జాబితా తెప్పించుకుని, వాటిలో తన చేయి గాని, తన స్టూడియో చేయి గాని, తన దగ్గర పని నేర్చుకున్న వారి చేయి గాని ఉందేమో చూసుకోవడం. హైదరాబాదు స్టూడియోలలో విదేశీ సీరియళ్లకూ సినిమాలకూ ఏళ్ల తరబడి పని జరుగుతున్నందున, మరో దేశపు చిత్రం చివర పాత సహోద్యోగి పేరు కనిపించడం వింతేమీ కాదు. సంబంధం ఉంటే ఉత్సవానికి ముందే నిర్వాహకులకు రాతపూర్వకంగా తెలియజేసి, ఆ చిత్రం చర్చకు వచ్చినప్పుడు గది బయట కూర్చోవాలి.

చిత్రాలను వీలైనంతవరకు పిల్లలతో కలిసి హాల్లోనే చూడండి. 1979లో మొదలై, తరువాత హైదరాబాదును శాశ్వత వేదికగా చేసుకుని, 2017 నవంబరులో 20వ సారి జరిగిన మన అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవంలో ఇచ్చినది బంగారు ఏనుగు బహుమతే అయినా, ఆ ఉత్సవానికి ప్రాణం పోసింది మాత్రం బస్సుల్లో దిగిన బడిపిల్లలు. లాప్‌టాప్‌లో బొమ్మ గీత కనిపిస్తుంది గాని వాళ్ల ఊపిరి వినిపించదు. కళ్లార్పకుండా చూస్తున్నప్పటి నిశ్శబ్దం వేరు, విసుగెత్తి సీటు కవరు దారాలు పీకుతున్నప్పటి నిశ్శబ్దం వేరు. రెండింటికీ తేడా పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది. అయితే హాల్లో మొదలైన గోలకు ప్రతిసారీ చిత్రాన్నే తప్పుపట్టకూడదు. ఎనిమిదేళ్ల పిల్లవాడు ఇంగ్లీషు సబ్‌టైటిల్ ఒక వరుస పూర్తిచేసేలోపు రెండోది వచ్చేస్తుంది.

అన్నిటికన్నా కష్టమైనది మన వృత్తి కన్నును అదుపులో పెట్టుకోవడం. సెకనుకు 24 ఫ్రేములు నడిచే చిత్రంలో ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపి 12 బొమ్మలతో సరిపెట్టడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. కావాలనే అంతకన్నా తగ్గించేవారూ ఉంటారు. కదలిక నున్నగా లేదని మార్కులు తగ్గించడమంటే ఆ చిత్రం ఎంచుకున్న భాషనే తప్పుపట్టడం. బంకమట్టి బొమ్మ చెంప మీద వేలిముద్ర ఫ్రేము ఫ్రేముకూ మారుతూ కనిపిస్తే అది అజాగ్రత్త కాకపోవచ్చు, చేసినవారి స్పర్శ కావచ్చు. మన తోలుబొమ్మలాటలో నాలుగు కీళ్ల కదలికతోనే హనుమంతుడు లంకకు ఎగిరాడని నమ్మినవాళ్లం, కత్తిరించిన బొమ్మలను కదిలించి తీసే కటౌట్ చిత్రాలకు ఆ మాత్రం గౌరవం ఇవ్వలేమా? చూడవలసినది బరువు. బిందె ఎత్తే పిల్ల భుజం ముందుగా కుంగిందా, అడుగు తడబడిందా, దించాక వేళ్లు విదిలించుకుందా? అవి ఉంటే గీత ముతకగా ఉన్నా బొమ్మకు ప్రాణం వచ్చినట్టే. రెండరింగ్ (కంప్యూటరు బొమ్మకు చివరి రూపం, వెలుగునీడలు ఇచ్చే పని) మెరుపు చాలావరకు బడ్జెట్‌ను బట్టి వస్తుంది.

పిల్లలే తీసిన చిత్రాలను పెద్దల చిత్రాల పక్కన పెట్టి చూడకండి. పిల్లల జ్యూరీ విడిగా ఉంటే, వాళ్లు అడిగినా సరే మీ అభిప్రాయం చెప్పకండి.

ప్రతి చిత్రం అయిన వెంటనే, తరువాతిది మొదలయ్యేలోపే, గుర్తున్న ఒక దృశ్యం, కుదరని ఒక చోటు, హాల్లో జరిగిన ఒక సంగతి రాసుకోండి. మార్కులు పెన్సిలుతో వేయండి, ఎందుకంటే మొదటి రోజు ఉదారంగా ఇచ్చిన ఎనిమిది మూడో రోజుకు ఆరుగా కనిపిస్తుంది. చివరి సమావేశంలో సగటు మార్కులతో తేల్చేయడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. అలా చేస్తే అందరికీ ఒక మాదిరిగా నచ్చిన చిత్రం గెలుస్తుంది గాని ఎవరో ప్రాణంగా ప్రేమించిన చిత్రం ఓడిపోతుంది. మార్కుల పట్టిక పక్కన పెట్టి, కాగితం చూడకుండా ఎవరికి ఏ దృశ్యం గుర్తుందో చెప్పుకోవడంతో చర్చ మొదలుపెట్టండి.

బహుమతికి కారణం రాసేటప్పుడు "సాంకేతిక ప్రతిభ" వంటి మాటలతో సరిపెట్టకుండా ఏ దృశ్యంలో ఏమి బాగుందో రాసి, వేదిక మీద చదివే ముందు పదేళ్ల పాపకు ఒకసారి వినిపించి, ఆమె అర్థం అడిగిన ప్రతి మాటనూ మార్చండి.