కల్లు, కాజా మానిన తీరు

క్రైస్తవుల నలభై రోజుల ఉపవాసకాలం మొదలయ్యే విభూది బుధవారం 2025లో మార్చి 5న వచ్చింది. సరిగ్గా తాటికల్లు రోజులు! నుదుట బూడిద ఆరకముందే కల్లు, తాపేశ్వరం కాజా మానేస్తానని మొక్కుకున్నాను. మొదటి ఆదివారమే బోల్తాపడ్డాను. ఈస్టరు దాకా 46 రోజులైనా, ఆరు ఆదివారాలు ఉపవాసపు నలభైలోకి రావు. ఆ మినహాయింపు పట్టుకుని వారం బాకీ ఒక్కపూటలో తాగేశాను. సోమవారం మళ్లీ నాలుక పీకింది.

అందుకే ఆదివారాలూ కలిపేశాను. సాయంత్రం అయిదింటికి కాలువగట్టు దారి మాని, ఇంట్లోనే అల్లం దంచిన మజ్జిగ, వేయించిన శనగలు. కల్లు పదోనాటికి మరపునపడింది. కాజా మాత్రం కష్టం: కొరికితే పాకం చేతిమీదికి కారేది గుర్తొచ్చేది. అలా మిగిలిన డబ్బు చర్చి కానుకపెట్టెలో వేశాను. మా ఆవిడ మాత్రం నమ్మలేదు, రోజూ జేబులు వెతికింది.