ఆర్కిటిక్‌లో బెలూన్ పని కాంట్రాక్టుకిస్తుంటే కాగితంలో ఏం రాయాలి

గుణుపురంలో కూర్చుని ఆర్కిటిక్ టెండరు గురించి రాస్తున్నాడేంట్రా అని నవ్వుకుంటే నవ్వుకోండి. మా మేనల్లుడు బయటి దేశంలో ఒక లాజిస్టిక్స్ కంపెనీలో చేస్తున్నాడు. ధ్రువ ప్రాంతంలో ఒక స్టేషన్‌లో వాతావరణ బెలూన్లు ఎగరేసే పనిని బయటివాళ్లకి అప్పగించాలట, ఒప్పందం డ్రాఫ్టు వాడి మీద పడింది. వాడు నాకు పంపి, "మావయ్యా, నువ్వు సర్వీసంతా టెండరు కాగితాలే రాశావు కదా, ఓసారి చూడవా" అన్నాడు. చూశాను. రేటు దగ్గర "ఎగరేసిన ఒక్కో బెలూన్‌కి ఇంత" అని ఉంది. అక్కడే ఆగిపోయాను.

ఎందుకంటే ఆ తప్పు నేను చేశాను. చాలా ఏళ్ల కిందట, వంశధార పైన కొండ ఊళ్లలో వర్షమాపకం చూసి రాసే పనిని ఒకాయనకి కాంట్రాక్టుకిచ్చాం. రోజూ ఉదయం 8:30కి చూడాలి, రీడింగుకి ఇంత అని లెక్క. నెలాఖరుకి రిజిస్టరు వచ్చింది. ఒక్క ఖాళీ లేదు, అంతా ఒకే పెన్ను, ఒకే ఊపులో రాసినట్టు, ఏ అంకె చూసినా చివర సున్నాయే. "కొలిచి పోసినట్టు పదీ, ఇరవై, ముప్పై పడిందేటి బావూ వాన?" అంటే, "రాసినదానికే కదండి డబ్బులిస్తారు, రాసినాను" అన్నాడు. తప్పు సగం ఆయనది, సగం ఆ కాగితం రాసిన నాది. దిగువన గొట్టా బ్యారేజీ దగ్గర నీళ్ల కోసం చూసేవాళ్లకి ఆ సున్నాలతో ఏం పని?

అందుకని మొదటి మాట, బెలూన్ ఎగిరినందుకు డబ్బులివ్వకండి. సరైన వేళకి, సరైన ఎత్తు దాకా వెళ్లి, డేటా అందినందుకు ఇవ్వండి.

వేళంటే ఏంటో తెలిస్తేగానీ ఆ షరతు రాయలేరు. ప్రపంచమంతా గ్రీన్‌విచ్ టైము ప్రకారం 00, 12 గంటల పరిశీలన కోసం ఒకేసారి బెలూన్లు వదులుతుంది, మన గడియారంలో ఉదయం, సాయంత్రం 5:30. విశాఖలో, భువనేశ్వర్‌లో ఎగరేసేదీ ఆ లెక్క ప్రకారమే. నిజానికి ఆ గంటకి ముప్పావుగంట ముందు నుంచే వదలొచ్చు, ఎందుకంటే నిమిషానికి 300 మీటర్ల చొప్పున ఎక్కే బెలూన్ 30 కిలోమీటర్లు చేరడానికి గంటా నలభై నిమిషాలు పడుతుంది. కింద వేలాడే రేడియోసాండ్, అరచేతిలో పట్టే పెట్టె, ఉష్ణోగ్రత, తేమ, జీపీఎస్‌తో గాలి వేగం, దిక్కు పంపుతూ పోతుంది. పైకి పోయేకొద్దీ బెలూన్ ఉబ్బి ఉబ్బి చివరికి పగులుతుంది.

ఎత్తుని కిలోమీటర్లలో కాకుండా పీడనంలో రాయండి, ఈ రంగంలో అందరూ హెక్టోపాస్కల్స్‌లోనే మాట్లాడతారు. 400 అంటే సుమారు 7 కిలోమీటర్లు, 100 అంటే సుమారు 16, 10 అంటే 30 ప్రాంతం. 400 చేరకముందే పగిలితే అది లెక్కలోకి రాదు, ఇంకో బెలూన్ వదలాలి, ఆ రెండోదాని ఖర్చు ఎవరిదో కూడా ముందే రాసుకోవాలి. నా మాటైతే మీరే పెట్టుకోండి. కాంట్రాక్టరు నెత్తిన వేశారో, రాత్రి మైనస్ 40లో రెండోసారి బయటికెళ్లడానికి వాడికి బుద్ధి పుట్టదు, "గాలి ఎక్కువగా ఉంది" అని రాసి పడుకుంటాడు. మంచి ఎత్తు చేరితే కొంచెం ప్రోత్సాహకం, నెల మొత్తానికి స్థిరమైన మొత్తం, తప్పిపోయిన ప్రతి పరిశీలనకీ కోత, ఇలా పెడితే రాసేవాడు కాకుండా ఎగరేసేవాడు దొరుకుతాడు.

ఇంకోటి, ధ్రువ రాత్రి. కెనడాలో యురేకా స్టేషన్ ఉంది, 1947 నుంచి నడుస్తోంది, 80 డిగ్రీల ఉత్తర అక్షాంశం. అక్కడ అక్టోబరు మధ్యలో సూర్యుడు వెళ్లిపోతే మళ్లీ ఫిబ్రవరిలోనే కనబడేది. ఆ చలికాలంలో స్ట్రాటోస్ఫియర్, అంటే బెలూన్ చేరే పై వాతావరణ పొర, ఎంత చల్లబడుతుందంటే రబ్బరు బిరుసెక్కి బెలూన్ తొందరగా పగిలిపోతుంది. దానికి పాత వైద్యం ఒకటుంది, ఎగరేసే ముందు కిరోసిన్‌లోనో డీజిల్‌లోనో ముంచి ఆరబెట్టడం, లేదా వెచ్చని గదిలో పెట్టి మెత్తబరచడం. మీ ఒప్పందంలో ఈ ఖర్చు, ఈ సమయం లేకపోతే డిసెంబరులో అందరి ముఖాలూ వేలాడతాయి. అన్ని నెలలకీ ఒకే ఎత్తు లక్ష్యం పెట్టడం కూడా అన్యాయమే, చలికాలానికి వేరే అంకె రాయండి.

మనుషుల విషయం. రోజుకి రెండంటే ఏడాదికి 730 సార్లు. ఒక్కడితో అయ్యే పని కాదు, జ్వరమొస్తే ఏంటి? కనీసం ముగ్గురికి ఈ పని చేతనై ఉండాలి, అందులో ఒకరు వంటవాడో జనరేటర్ చూసేవాడో అయినా ఫరవాలేదు, శిక్షణ ఇచ్చిన కాగితం చూపించమనండి. సూచనల పట్టిక పని చేసేవాడి భాషలో ఉండాలి. మా దగ్గర ఇంగ్లీషులో ఒకటి, ఒడియాలో ఒకటి అంటించేవారు, చదవాల్సినాయనకి వచ్చింది తెలుగు, సవర మాత్రమే.

గ్యాసు దగ్గర మాత్రం ఆగి ఆలోచించండి. బెలూన్ సైజుని బట్టి ఒక్కోసారికి ఒకటిన్నర నుంచి రెండు ఘనపు మీటర్ల గ్యాసు పడుతుంది. 7 ఘనపు మీటర్ల సిలిండరుతో నాలుగు ఎగరేస్తే ఏడాదికి 180కి పైగా సిలిండర్లు, వాటిని విమానంలో మోయడం అంటే తలకు మించిన బరువు. అందుకే కొన్ని చోట్ల నీటిని విడగొట్టి అక్కడే హైడ్రోజన్ తయారు చేస్తారు. చవకే, కానీ గాలిలో 4 నుంచి 75 శాతం మధ్య ఎంత కలిసినా నిప్పు చాలు పేలడానికి. పైగా ఆర్కిటిక్ గదుల్లో గాలి ఎముకలా పొడిగా ఉంటుంది, ఉన్ని స్వెట్టర్ విప్పితే చిటపటమంటుంది. ఎర్తింగ్ పరీక్ష, గ్యాసు పసిగట్టే అలారం, బెలూన్ నింపే గదిలోకి నూలు బట్టలే, ఫోను బయటే, ఇవన్నీ ఎవరు ఎప్పుడు చూస్తారో పేరు పెట్టి రాయకపోతే రాసినట్టు కాదు. హైడ్రోజన్ బదులు అంటుకోని హీలియం కావాలంటే రేటు ఎక్కువైనా సరే అనుకోండి.

కాంట్రాక్టు తేదీలు! మా మేనల్లుడి డ్రాఫ్టులో ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 అని ఉంది, ఆఫీసు లెక్కలకి బాగుంటుంది గానీ ఆర్కిటిక్‌కి మార్చితో ఏం సంబంధం? యురేకాలాంటి చోటికి సామాను ఓడ వేసవిలో ఒక్కసారే వస్తుంది, మంచు కరిగినప్పుడు. ఆ ఓడ తప్పితే మళ్లీ ఏడాదే. కాబట్టి ఓడ వచ్చే నెలతో కాంట్రాక్టు మొదలుపెట్టండి, పాతవాళ్లు, కొత్తవాళ్లు ఓ రెండు వారాలు కలిసి చేసేలా రాయండి. సామాను 730కి కాకుండా కనీసం పది, పదిహేను శాతం ఎక్కువ తెప్పించండి.

ఎల్-వన్ గోల కూడా చెప్పాలి. అందరికంటే తక్కువ రేటు వేసినవాడికే ఇవ్వాలన్న నియమం ఉంటే, ముందు అనుభవం, సిబ్బంది, విడిభాగాల జాబితాని విడిగా మార్కులేసి వడపోసి, ఆ తర్వాతే రేటు కవరు తెరవండి. స్వయంగా ఎగరేసే యంత్రాలు వచ్చాయి కదా, అలాస్కాలో పెట్టారు కదా అని ఎవరైనా అంటారు. నిజమే, రేడియోసాండ్‌లు ముందే నింపి పెడితే రోజుల తరబడి అదే బెలూన్‌లో గ్యాసు నింపుకుని వదులుతుంది. కానీ నింపేవాడు, తలుపు దగ్గర మంచు తవ్వేవాడు, ఆగిపోతే చేత్తో వదిలేవాడు కావాలి. ఆ పనికీ ఒప్పందమే కావాలి.

డేటా సంగతి తేలిగ్గా తీసుకోకండి. బెలూన్ పగిలిన ఎన్ని నిమిషాల్లో సందేశం వెళ్లాలి, లింకు పోతే ఎక్కడ దాచాలి, ముడి ఫైళ్లు ఎవరివి. ముడి ఫైళ్లు మీవే అని రాయకపోతే కాంట్రాక్టు మారిన రోజు పాస్‌వర్డుల కోసం వాళ్ల కాళ్లూ గడ్డాలూ పట్టుకోవాల్సి వస్తుంది. మా వర్షమాపకం రిజిస్టరు ఇప్పటికీ ఎవరింట్లో ఉందో నాకు తెలియదు.

చివర్లో వాడడిగాడు, కాంట్రాక్టు ముగిసేసరికి మిగిలిన బెలూన్లు ఎవరివి మావయ్యా అని. మనవే అని రాయి, కానీ తయారీ తేదీ చూసే లెక్కలోకి తీసుకో అన్నాను. రబ్బరు పాతబడితే ముసలాడి ఎముకే, పెట్టెల్లో వంద ఉన్నాయని సంతోషపడితే ఎగరేసినప్పుడు పది కూడా పైదాకా పోవు.