కొత్త ఓఎస్ వేసే ముందు మీ కంప్యూటర్‌కి చేయాల్సిన పరీక్షలు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. అప్పటినుంచి చెన్నైలో మన తెలుగువాళ్ల ఇళ్లలో ఒకటే చర్చ. విండోస్ 11 వేయించాలా, లైనక్స్‌కి మారాలా, పాత మెషిన్ అమ్మేసి కొత్తది కొనాలా? ఏదో ఒకటి తేల్చుకుని ఓఎస్ (కంప్యూటర్‌ని నడిపే విండోస్, లైనక్స్ లాంటి ముఖ్య సాఫ్ట్‌వేర్) వేస్తారు. ఆ మర్నాటి నుంచి ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, వేసినప్పుడు బాగానే ఉంది, ఇప్పుడు పది నిమిషాలకోసారి బిగుసుకుపోతోంది, మౌస్ కూడా కదలట్లేదు" అని.

అందరూ కొత్త ఓఎస్‌నే తిడతారు. నేను చూసిన మెషిన్లలో మాత్రం జబ్బు చాలావాటికి ముందునుంచే ఉంది. ఓఎస్ ఇన్‌స్టాల్ చేయడమంటే కంప్యూటర్‌కి పెద్ద పని. హార్డ్ డిస్కులో ఏళ్లుగా ఎవరూ ముట్టని చోట్ల కూడా కొత్తగా రాస్తుంది. ర్యామ్ నిండా వాడుతుంది, ప్రాసెసర్‌ని గంటసేపు పరుగెత్తిస్తుంది, గ్రాఫిక్స్ డ్రైవర్‌ని (తెర మీద బొమ్మ చూపించే పార్టుని నడిపే సాఫ్ట్‌వేర్) మార్చేస్తుంది. సగం పాడైన డిస్కు, వదులైన ర్యామ్, దుమ్ము పట్టిన ఫ్యాన్ ఆ రోజే బయటపడతాయి. అందుకే ఈ పరీక్షలన్నీ పాత ఓఎస్ ఇంకా నడుస్తుండగానే చేసుకోండి. ఒకసారి ఫార్మాట్ కొట్టేశాక తప్పు పాత పార్టుదో కొత్త ఓఎస్‌దో తేల్చడం చాలా కష్టం.

అన్నిటికన్నా ముందు డేటా

డీ డ్రైవ్‌లో కాపీ పెట్టుకుంటే బ్యాకప్ అయిపోయిందని చాలామంది అనుకుంటారు. ఇళ్లలోని కంప్యూటర్లలో సీ, డీ రెండూ ఎక్కువగా ఒకే డిస్కులో రెండు ముక్కలు. డిస్కు పోతే రెండూ పోతాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తప్పు ముక్క మీద క్లిక్ చేసినా పోతాయి. కాపీ వేరే వస్తువులోనే ఉండాలి. ఎక్స్‌టర్నల్ డిస్కులో ఒకటి పెట్టి, మరీ ముఖ్యమైనవి క్లౌడ్‌లో కూడా పెట్టండి. కాపీ అయ్యాక ఆ డిస్కుని ఇంకో కంప్యూటర్‌కి పెట్టి పది ఫైళ్లు తెరిచి చూడండి. ఈ ఆఖరి పని దాదాపు ఎవరూ చేయరు.

ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు అందరికీ గుర్తుంటాయి. మర్చిపోయేవి వేరే ఉన్నాయి. డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో పడి ఉన్న ఫైళ్లు, బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌లు, షాపు ఉంటే ట్యాలీ డేటా ఫోల్డర్, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ సాఫ్ట్‌వేర్. మనవాళ్లకి ప్రత్యేకంగా ఇంకొకటి ఉంది, తెలుగు టైపింగ్‌కి వాడే అను ఫాంట్లు. శుభలేఖలు, పాటల పుస్తకాలు, వంశవృక్షాలు పాత పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టైప్ చేసుకున్నవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే పద్ధతి) కాదు. ఫైలు ఉండి ఫాంటు పోతే తెర మీద అర్థంకాని గుర్తులే కనిపిస్తాయి. ఫాంట్లను విడిగా కాపీ చేసుకోండి. ముఖ్యమైన ప్రతి ఫైలుకీ ఒక పీడీఎఫ్ కూడా తీసిపెట్టండి. పెరంబూరులో మా పిన్ని వాళ్ల కంప్యూటర్‌ని ఒక షాపువాళ్లు ఒక్క మాట కూడా అడక్కుండా అన్ని డ్రైవ్‌లూ కలిపేసి ఫార్మాట్ చేసిచ్చారు. బాబాయి ఆరు తరాల పేర్లు కూర్చి టైప్ చేసిన వంశవృక్షం అందులో పోయింది. కాగితం మీద తీసిన ప్రింటు కూడా లేదు. అందుకే ఇంతగా చెబుతున్నాను.

ల్యాప్‌టాప్ అయితే బిట్‌లాకర్ (డిస్కులోని డేటాకి తాళం వేసే విండోస్ సదుపాయం) సంగతి కూడా చూడండి. కొత్త మెషిన్లలో చాలావాటిలో మీకు తెలియకుండానే డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. బయోస్‌లో (ఓఎస్ కన్నా ముందు మొదలయ్యే మదర్‌బోర్డు సెట్టింగులు) సెక్యూర్ బూట్ మార్చినా, తాళంచెవులు దాచే టీపీఎం చిప్‌ని క్లియర్ చేసినా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. సాధారణంగా అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. బయోస్‌లోకి వెళ్లకముందే తీసి కాగితం మీద రాసుకోండి. కీ దొరక్కపోతే ఆ డేటాని ఏ షాపువాడూ తెరవలేడు.

మెషిన్ ఒంట్లో బాగుందా?

మొదట డిస్కు సంగతి. ఫ్రీజ్ అయ్యే పాత కంప్యూటర్లలో నేను ముందు అనుమానించేది దాన్నే. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేస్తే డిస్కు తన ఆరోగ్యం గురించి తను దాచుకున్న స్మార్ట్ (S.M.A.R.T.) లెక్కలు చూపిస్తుంది. నీలం రంగులో గుడ్ అని ఉంటే ప్రస్తుతానికి ఫర్వాలేదు. పసుపులో కాషన్ అనో, ఎరుపులో బ్యాడ్ అనో వస్తే ఆ డిస్కు మీద కొత్త ఓఎస్ వేయకండి, డేటా తీసేసుకుని పక్కన పెట్టేయండి. రీఎలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు అనే రెండు వరుసల్ని ప్రత్యేకంగా చూడండి. రీఎలొకేటెడ్ అంటే పాడయ్యాయని డిస్కు పక్కన పెట్టి, వాటి బదులు వేరేవి వాడుతున్న చోట్లు. పెండింగ్ అంటే చదవబోతే సరిగా చదవలేకపోయిన చోట్లు. అలాంటి చోట ఓఎస్ ఫైలు పడితే డిస్కు దాన్నే మళ్లీ మళ్లీ చదవడానికి ప్రయత్నిస్తుంది. ఆ కాసేపూ మౌస్ కదులుతుంది గానీ ఏది నొక్కినా పలకదు, డిస్కు లైటు ఆరకుండా వెలుగుతూ ఉంటుంది. తర్వాత ఏమీ జరగనట్టు మామూలైపోతుంది. ఈ లక్షణం కనిపిస్తే ముందు సాటా కేబుల్ (డిస్కుని మదర్‌బోర్డుకి కలిపే వైరు) మార్చి చూడండి, దానికి అయ్యేది చిల్లర ఖర్చే.

ఇంకా తిరిగే హార్డ్ డిస్కు మీదే ఓఎస్ నడుస్తుంటే, ఈ సందర్భంలోనే సాటా ఎస్ఎస్‌డీకి (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) మారిపోండి. ర్యామ్ పెంచడం కన్నా దీనికి పెట్టిన డబ్బే ఎక్కువ పనికొస్తుంది. పాత డిస్కు ఎలా ఉన్నది అలాగే బ్యాకప్‌గా మిగులుతుందన్నది ఇంకో లాభం. మౌంట్ రోడ్ పక్కన రిచ్చీ స్ట్రీట్‌లో కొంటే బిల్లు తప్పకుండా తీసుకోండి, బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించండి. వారంటీ ఉందో లేదో ఆ నంబర్‌తో కంపెనీ సైట్‌లో అక్కడే నిలబడి చూసుకోవచ్చు. ఎక్కువ జీబీ అని రాసి తక్కువ ధరకి అమ్మే పెన్‌డ్రైవ్‌ల జోలికి వెళ్లకండి. నకిలీదాంట్లో ఫైళ్లు సగం వరకే సరిగా రాయబడతాయి, దానితో వేసిన ఓఎస్ మొదటిరోజే తడబడుతుంది. ఓఎస్ ఫైలుని కూడా ఎవరో ఇచ్చిన కాపీ నుంచి కాకుండా అసలు సైట్ నుంచే దింపుకోండి. లైనక్స్ అయితే చెక్‌సమ్ (ఫైలు చెక్కుచెదరకుండా దిగిందని చూపే సంకేతం) సరిపోయిందో లేదో పోల్చి చూడండి.

ర్యామ్ పరీక్షకి మెమ్‌టెస్ట్86ప్లస్ ఉంది. పెన్‌డ్రైవ్‌లో వేసి, రాత్రి పడుకునే ముందు మొదలుపెట్టి వదిలేయండి. పొద్దున్న చూసేసరికి ఒక్క తప్పు కనిపించినా ఆ ర్యామ్‌ని నమ్మకూడదు. రెండు స్టిక్కులుంటే ఒక్కోటే పెట్టి పరీక్షిస్తే చెడ్డది ఏదో తెలుస్తుంది.

రాయపురం, తిరువొత్తియూరు, బీసెంట్ నగర్ లాంటి సముద్రం పక్క ఇళ్లలో ఒక ఇబ్బంది అదనం. ఉప్పుగాలి, తేమ కలిసి ర్యామ్ కాళ్ల మీద, స్లాట్లలో సన్నని పొర కడతాయి. ప్లగ్ తీసేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కిపట్టి, క్యాబినెట్ ఇనుము మీద ఓసారి చెయ్యి పెట్టి, అప్పుడు ర్యామ్ ఊడదీయండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తని గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక, క్లిప్పులు టక్కున పడేదాకా నొక్కి పెట్టండి. పెన్సిల్ రబ్బరుతో గట్టిగా రుద్దమని చెప్పేవాళ్లున్నారు. రబ్బరు పొడి స్లాట్‌లో పడుతుంది, పూత కూడా అరుగుతుంది, నాకు ఆ పద్ధతి నచ్చదు.

ఎలాగూ క్యాబినెట్ తెరిచారు కాబట్టి ఫ్యాన్ల దుమ్ము దులపండి, ఊదేటప్పుడు రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి. ఏళ్ల తరబడి థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని బయటికి పంపడానికి రాసే పూత) మార్చని మెషిన్ అయితే మే నెల కత్తిరి ఎండల్లో వేడెక్కి నెమ్మదిస్తుంది, మరీ మితిమీరితే తనంతట తనే ఆరిపోతుంది. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ కూడా మార్చేయండి. అది అయిపోతే కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ, బయోస్ సెట్టింగులు మొదటికి వెళ్లిపోతాయి. మార్చే ముందు బయోస్ తెరలన్నీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. సాటా మోడ్ (డిస్కుతో కంప్యూటర్ మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐగా ఉందో, రెయిడ్‌గా ఉందో తెలియకుండా అటూ ఇటూ మారితే ఓఎస్ బూట్ కూడా కాదు.

ఎప్పుడు వేయాలి?

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల రోజుల్లో ఈ పని పెట్టుకోకపోవడం మంచిది. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫానప్పుడు నగరంలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. మామూలు రోజుల్లో కూడా మెయింటెనెన్స్ కోసం సాధారణంగా పొద్దున్న 9 నుంచి మధ్యాహ్నం 2 దాకా తీసే కరెంటు గురించి విద్యుత్ సంస్థ ముందే ప్రకటిస్తుంది, మీ ఏరియా అందులో ఉందేమో చూసుకుని మొదలుపెట్టండి. ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోతే మళ్లీ వేసుకోవచ్చు. బయోస్ అప్‌డేట్ మధ్యలో పోతే మాత్రం మదర్‌బోర్డే పనికిరాకుండా పోవచ్చు. యూపీఎస్ లేకుండా బయోస్ అప్‌డేట్ చేయకండి.

ఇన్‌స్టాల్ నొక్కే ముందు ఆఖరి పరీక్ష ఒకటుంది. అన్నిటిలోకీ నాకు ఇష్టమైనది ఇదే. మీరు వేసేది విండోసే అయినా సరే, లైనక్స్ మింట్‌నో ఉబుంటునో (రెండూ లైనక్స్‌లో రకాలే) పెన్‌డ్రైవ్‌లో వేసి, డిస్కుని ముట్టకుండా అందులోంచే కంప్యూటర్‌ని నడపండి. ఓ గంటసేపు వీడియో పెట్టండి, వైఫై, సౌండ్ చూడండి. అక్కడ కూడా బిగుసుకుపోతే సమస్య చాలావరకు డిస్కులోనూ పాత విండోస్‌లోనూ లేదన్నమాట, ర్యామ్, వేడి, ఎస్ఎంపీఎస్ (లోపలి పార్టులకి కరెంటు ఇచ్చే డబ్బా), గ్రాఫిక్స్ వైపు చూడాలి. పెన్‌డ్రైవ్ నుంచి హాయిగా నడిచి, డిస్కు నుంచి బూట్ చేసినప్పుడే ఆగుతుంటే అనుమానం డిస్కు మీదకో దానిమీది ఓఎస్ మీదకో వెళ్తుంది. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు ఉన్న మెషిన్లు లైనక్స్ మొదటి తెర దగ్గరే ఆగిపోవడం కద్దు. అది చాలాసార్లు డ్రైవర్ గొడవే. బూట్ మెనూలో మింట్‌కైతే కంపాటిబిలిటీ మోడ్, ఉబుంటుకైతే సేఫ్ గ్రాఫిక్స్ ఎంచుకుని వెళ్లండి, తర్వాత ఎన్‌విడియా సొంత డ్రైవర్ వేసుకోండి.

విండోస్ 11కి టీపీఎం 2.0, సెక్యూర్ బూట్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ జాగా కావాలి. ఇంటెల్‌లో అయితే దాదాపుగా 8వ తరం నుంచే అధికారికంగా ఒప్పుకుంటుంది. ఆ తనిఖీని దాటించి పాత మెషిన్ల మీద వేసే ఉపాయాలున్నాయి. అలా వేసినవాటికి అప్‌డేట్లు వస్తాయని హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. అమ్మానాన్నలు బ్యాంకు పనులకి వాడే కంప్యూటర్ మీద ఆ ప్రయోగం వద్దు. 4 జీబీతో వేయొచ్చు గానీ వాడటం నరకం, 8 ఉంటేనే వేయండి.

వేశాక బిగుసుకుపోతే

మొదటి రెండు మూడు గంటలు టెన్షన్ పడకండి. అప్‌డేట్లు దిగుతుంటాయి, ఫైళ్లకి ఇండెక్స్ కడుతుంటుంది, డిస్కు వాడకం వంద శాతం చూపిస్తుంది. కరెంటు, నెట్ ఇచ్చి వదిలేయండి. ఆ తర్వాత కూడా ఆగుతుంటే క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. దాని లైటు మారుతుంటే లోపల ఓఎస్ బతికే ఉంది, తెరో ఏదో ఒక ప్రోగ్రామో చిక్కుకుంది. అలాంటప్పుడు విండోస్‌లో విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. లైనక్స్‌లో కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కితే నల్ల తెర మీద లాగిన్ రావచ్చు. లైటు కూడా మారక, సౌండ్ ఒకే ముక్క దగ్గర గీపెడుతూ ఉంటే మొత్తం మెషిన్ ఆగినట్టే. అప్పుడిక పవర్ బటన్ నొక్కిపట్టడం తప్ప దారి లేదు.

విండోస్ స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని వెతికితే ఏ రోజు ఏది కూలిందో వరుసగా కనిపిస్తుంది. ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ రాసుకునే చిట్టా) కెర్నల్ పవర్ 41 అనే ఎర్రర్ చూసి ఎస్ఎంపీఎస్ పోయిందని షాపుకి పరుగెత్తేవాళ్లున్నారు. మెషిన్ సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే అది చెబుతుంది, మీరు బటన్ నొక్కిపట్టి ఆపినా అదే వస్తుంది. గ్రాఫిక్స్, చిప్‌సెట్ డ్రైవర్లని తయారీదారు సైట్ నుంచే తెచ్చుకోండి. డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో ఫ్రీగా అప్‌డేట్ చేస్తామనే సాఫ్ట్‌వేర్లు, క్రాక్‌లు వేయకండి. ఒకసారికి ఒక్కటే మార్చి, ఒకరోజు వాడి చూసి, ఏం మార్చారో నోట్‌బుక్‌లో రాయండి. మూడు పనులు ఒకేసారి చేస్తే దేనివల్ల బాగైందో తెలియదు, మళ్లీ వచ్చినప్పుడు మొదటికొస్తారు. విండోస్ 10 మీదే అప్‌గ్రేడ్ చేసి ఉంటే వెనక్కి వెళ్లడానికి పది రోజులే గడువు, ఆ లోపే తేల్చుకోండి.

ఇవన్నీ చేసినా లొంగకపోతే షాపుకి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ఎంతసేపటికి ఆగుతోంది, ఏం చేస్తుంటే ఆగుతోంది, ఏమేం పరీక్షించారు అన్నది ఒక కాగితం మీద రాసివ్వండి. ఫార్మాట్ చేయడానికి ముందు ఫోన్ చేయమని ఆ కాగితం మీదే పైన పెద్ద అక్షరాల్లో రాయండి. బ్యాకప్ మీద ఏమాత్రం అనుమానం ఉన్నా డిస్కు ఊడదీసి ఇంట్లో పెట్టుకుని మిగతా మెషిన్ ఇవ్వండి. ర్యామ్, ఎస్ఎంపీఎస్, మదర్‌బోర్డు పరీక్షించడానికి వాళ్లకి మీ డిస్కు అక్కర్లేదు.