విదేశీ నగరంలో సొంత గైడును కుదుర్చుకోవడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి విదేశాలు చూడటానికి వెళ్లేవారిలో చాలామంది ప్యాకేజీ టూరులో బస్సెడు జనంతో కలిసి తిరిగి వస్తారు. మరికొందరు పిల్లలు ఉద్యోగం చేస్తున్న ఊరికి వెళ్లి, వారికి సెలవు దొరికిన శని, ఆదివారాల్లో చూడగలిగినంత చూసి వస్తారు. ఈ రెండూ కాక మరో దారి ఉంది. ఒక పూటకో, ఒక రోజుకో ఆ నగరానికే చెందిన గైడును మన కుటుంబం మట్టుకే కుదుర్చుకోవచ్చు. ఇది ధనవంతులకే సాధ్యమన్న అభిప్రాయం సరికాదు. సాధారణంగా ప్రైవేటు గైడు రుసుమును మనిషికి ఇంతని కాక బృందం మొత్తానికి కలిపి చెబుతారు కాబట్టి, ఇంట్లోవారు నలుగురైదుగురు కలిసి వెళ్లినప్పుడు తలకు పడే ఖర్చు బాగా తగ్గుతుంది.

అయితే ప్రతి నగరానికీ, ప్రతి రోజుకూ గైడు అవసరం లేదు. సింగపూర్ వంటి చోట మెట్రో రైలు ఎక్కి ఎవరికి వారే హాయిగా తిరగవచ్చు. రోమ్‌లోని పురాతన శిథిలాలు, కంబోడియాలోని సియెం రీప్ నగరాన్ని ఆనుకుని ఉన్న అంగ్‌కోర్ ఆలయాలు, ఇస్తాంబుల్ పాతబస్తీ అలాంటివి కావు. శ్రీకూర్మం గుడికి వచ్చిన కొత్తవారు స్వామి పడమటి ముఖంగా ఉన్నాడనీ, అందుకే రెండు ధ్వజస్తంభాలు ఉన్నాయనీ ఎవరైనా చెబితే తప్ప గమనించకుండా ఎలా వెళ్లిపోతారో, అక్కడ మనమూ అలాగే వెళ్లిపోతాము. ఇలాంటి చోట్లకే గైడును పెట్టుకోవాలి. అది కూడా ఆ ఊళ్లో మొదటి రోజునే పెట్టుకోవడం మేలు. బస్సు టిక్కెట్టు ఎక్కడ కొనాలి, ఏ వీధిలో జేబు జాగ్రత్త, మంచినీళ్లు ఎక్కడ పట్టుకోవాలి వంటివి ఆ రోజే తెలిసిపోతే మిగిలిన రోజులు సొంతంగా తిరగవచ్చు.

వెతకడం మొదలుపెట్టే ముందు ఆ దేశపు లైసెన్సు నిబంధన తెలుసుకోవాలి. సింగపూర్‌లో లైసెన్సు లేకుండా డబ్బు తీసుకుని గైడుగా పనిచేయడం నేరం. ఫ్రాన్స్‌లోని మ్యూజియములలో, చారిత్రక కట్టడాలలో టూరు సంస్థల తరఫున వివరించేవారికి ప్రభుత్వ గుర్తింపు కార్డు ఉండాలి. ఇటలీలోనూ, అంగ్‌కోర్‌లోనూ లైసెన్సు తప్పనిసరి. లండన్‌లో చట్టపరమైన నిర్బంధం లేకపోయినా, కఠినమైన శిక్షణ, పరీక్షల తరువాత ఇచ్చే బ్లూ బ్యాడ్జికి ఎంతో గౌరవం ఉంది. జపాన్‌లో 2018 నుంచి లైసెన్సు లేనివారు కూడా రుసుముకు గైడు పని చేయవచ్చు గాని, జాతీయ పరీక్ష నెగ్గినవారే తమను ప్రభుత్వ లైసెన్సు పొందిన గైడుగా చెప్పుకోవాలి. మనవారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసింది థాయ్‌లాండ్ సంగతి. అక్కడ గైడు వృత్తిని చట్టం థాయ్ పౌరులకే కేటాయించింది. బ్యాంకాక్‌లో ఉంటున్న తెలుగువారెవరైనా తెలుగులోనే అన్నీ చూపిస్తామని డబ్బు అడిగితే, భాష కలిసిందన్న సంతోషంలో ఒప్పుకోవద్దు. తనిఖీ జరిగితే చిక్కుల్లో పడేది ఆ మనిషి, మధ్యలో ఆగిపోయేది మన రోజు.

ఆ నగరపు పర్యాటక శాఖ వెబ్‌సైటులోనో, గైడుల సంఘం జాబితాలోనో పేర్లు దొరుకుతాయి. ముగ్గురిని ఎంచుకుని ముగ్గురికీ ఒకే ఉత్తరం పంపాలి. నా దృష్టిలో ఈ పని మొత్తంలో అన్నిటికన్నా శ్రద్ధ పెట్టవలసింది ఈ ఉత్తరం మీదనే. ధర ఎంత అని ఒక్క ముక్క అడిగితే, అందరికీ పంపే పట్టికే మనకూ వస్తుంది. అలా కాక ఎవరెవరు వస్తున్నారు, వారి వయసులేమిటి, అమ్మగారు మెట్లు ఎక్కగలరా లేదా, మధ్యాహ్నం కాసేపు నడుము వాల్చడం అలవాటా, గుడ్డు కూడా ముట్టని శాకాహారులా, ఇంతకుముందు ఏమేమి చూశారు, దేని మీద ఆసక్తి ఉంది అన్నవి పది వాక్యాలలో రాయాలి. మనకు వచ్చిన మామూలు ఇంగ్లీషు చాలు. గైడుకు కూడా అది మాతృభాష కాకపోవచ్చు.

అంగ్‌కోర్ వాట్ సంగతే తీసుకుందాము. పన్నెండో శతాబ్దంలో రెండో సూర్యవర్మ విష్ణువు కోసం కట్టించిన ఈ ఆలయం కూడా పడమటి ముఖంగానే ఉంటుంది. దాని తూర్పు మండపంలో క్షీరసాగర మథనం పొడవాటి శిల్పంగా చెక్కి ఉంది, మందర పర్వతం కింద కూర్మావతారం కనబడుతుంది. ఆ కథ తెలియని యాత్రికులకు గైడు దానిని మొదటి నుంచి చెప్పక తప్పదు. మనకు చిన్ననాటి నుంచి తెలిసిన కథ కాబట్టి, “పురాణం మాకు తెలుసు, ఖ్మేర్ శిల్పులు దానిని ఎలా మలిచారో, ఏమి మార్చారో, ఆ గుడి తరువాత బౌద్ధుల ఆరాధనా స్థలంగా ఎలా మారిందో చెప్పండి” అని ముందే రాస్తే, గైడు ఆ రోజును మన కోసం వేరుగా సిద్ధం చేసుకుంటారు. మన ప్రాంతపు యాత్రికులకు ఇది నిజమైన వరం, దీనిని వదులుకోకూడదు.

జవాబులు వచ్చాక ధరను కాదు, చదివిన తీరును పోల్చాలి. మెట్లు ఎక్కలేరని మనం రాస్తే, నిటారు మెట్లున్న పై అంతస్తును పక్కనపెట్టి వేరే ఏర్పాటు సూచించినవారు మన ఉత్తరం చదివినట్టు. ఆ తరువాత పది నిమిషాలు వీడియో కాల్‌లో మాట్లాడి వారి ఉచ్చారణ ఇంట్లో పెద్దలకు అర్థమవుతుందో లేదో చూసుకోవాలి. సియెం రీప్, బ్యాంకాక్ సమయం మనకన్నా గంటన్నర ముందుంటుంది, రోమ్ సమయం వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది. కాల్ సమయం రాసేటప్పుడు ఎవరి గడియారం ప్రకారమో స్పష్టంగా చెప్పాలి.

రుసుములో ఏవేవి కలిసి ఉన్నాయో రాతపూర్వకంగా తీసుకోవాలి. ప్రవేశ టిక్కెట్లు, కారు, డ్రైవరు, గైడు భోజనం, అదనపు గంటకు ఎంత, యాత్ర రద్దయితే అడ్వాన్సులో ఎంత తిరిగి వస్తుంది అన్నవి ఒక్కొక్కటిగా అడగాలి. అంగ్‌కోర్‌లో ఒక రోజు పాసు 37 డాలర్లు, అది గైడు రుసుముకు అదనం. మొత్తం డబ్బు ముందే పంపమనేవారిని వదిలేయడం మంచిది. కార్డుతో చెల్లించేటట్లయితే విదేశీ లావాదేవీలను బ్యాంకు యాప్‌లో ముందుగా ఆన్ చేసుకోవాలి. రోమ్‌లోని కొలోసియం టిక్కెట్లు పేరు మీద ఇస్తారు, పాస్‌పోర్టులోని పేరుతో సరిపోలాలి. మనలో చాలామంది ఇంటిపేరును ఒక్క అక్షరంగా రాయడానికి అలవాటుపడ్డారు కనుక, గైడుకు పేర్లు అలవాటు ప్రకారం రాసి పంపకుండా పాస్‌పోర్టును చూసి అక్షరం అక్షరం రాసి పంపాలి. సెలవు రోజులు కూడా అప్పుడే అడగాలి. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియము మంగళవారం, వాటికన్ మ్యూజియములు నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూసి ఉంటాయి.

ఆ రోజు ఉదయం గైడు బ్యాడ్జి మీది ఫొటో, పేరు చూడటం అమర్యాద కాదు, నిజమైన గైడులు సాధారణంగా దానిని మెడలోనే వేసుకుంటారు. దుకాణాలకు వెళ్లే ఉద్దేశం లేకపోతే బయలుదేరకముందే మర్యాదగా చెప్పేయాలి. రత్నాలు, పట్టు అమ్మే కొన్ని దుకాణాలు యాత్రికులను తెచ్చినవారికి కమిషన్ ఇస్తాయి. బ్యాంకాక్ రాజప్రాసాదం దగ్గర, ఈ రోజు మూసేశారని చెప్పి ఆటో ఎక్కించే అపరిచితులను నమ్మవద్దు, గేటు దాకా వెళ్లి చూసుకోవాలి. అక్కడ భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు ఉండాలి కాబట్టి చీర, పంజాబీ డ్రెస్సు ఇబ్బంది లేనివి, నిక్కర్లు మాత్రం వద్దు. అడుగడుగునా ఫొటోలకు ఆగకుండా ముందు వినాలి, అర్థంకానిది అక్కడికక్కడే అడగాలి. పెద్దలు అలసినట్టు కనిపిస్తే పట్టికలో ఉందని నడిపించకుండా ఒక చోటు తగ్గించమని అడిగే హక్కు మనకు ఉంది.

టిప్పు విషయంలో ఊరిని బట్టి నడుచుకోవాలి. జపాన్‌లో టిప్పు ఇచ్చే ఆచారం లేదు, కంబోడియాలో పని నచ్చితే ఇస్తారు. విడిపోయే ముందు గైడు చేత ఒక కాగితం మీద హోటలు చిరునామాను, మాంసం, చేపల సాసు, రొయ్యల ముద్ద లేని భోజనం కావాలన్న మాటను స్థానిక లిపిలో రాయించుకోవాలి. ఆగ్నేయాసియాలో కూరగాయల వంటకాలలో కూడా చేపల సాసు వేస్తారు కాబట్టి, మిగిలిన రోజులలో హోటలులో కూర్చున్న ప్రతిసారీ ఆ కాగితం చూపించి ఆర్డరు ఇవ్వవచ్చు.