గడువు వారంలో విండోస్ అప్‌డేట్: బ్రౌజర్ హ్యాంగ్ కాకముందే చేసుకోవాల్సినవి

మైక్రోసాఫ్ట్ నెలవారీ సెక్యూరిటీ అప్‌డేట్లను ప్రతి నెలా రెండో మంగళవారం వదులుతుంది. వాళ్లకు అది ఉదయం పది గంటలు. మనకు, కాలాన్ని బట్టి, రాత్రి పదిన్నరో పదకొండున్నరో అవుతుంది. అంటే మన సిస్టమ్‌లలోకి అవి దిగడం మొదలయ్యేది బుధవారం పొద్దున్నే. ఇప్పుడు క్యాలెండర్ తీసి చూడండి. రెండో మంగళవారం ఎప్పుడూ 8వ తేదీకి, 14వ తేదీకి మధ్యే పడుతుంది. అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీ రిటర్న్, అంటే జీఎస్టీఆర్-1, గడువు 11. మూడు నెలలకోసారి వేసేవాళ్లకు 13. పీఎఫ్, ఈఎస్ఐ చెల్లింపులకు 15. పార్టీల (మన క్లయింట్ల) ఫోన్లు ఆగకుండా మోగే రోజులు, సిస్టమ్ రీస్టార్ట్ అడిగే రోజులు ఒకేచోట పడుతున్నాయన్నమాట. ఆ వారంలో బ్రౌజర్ హ్యాంగ్ అయితే వచ్చే టెన్షన్ అకౌంట్స్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

అప్‌డేట్లు అసలు వద్దని ఆపేసుకునేవాళ్లు ఉన్నారు. అది తప్పు. పార్టీల పాన్ నంబర్లు, బ్యాంకు లాగిన్‌లు ఉన్న సిస్టమ్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు పడాల్సిందే. కాకపోతే ఏ రోజు పడాలో మనం నిర్ణయించాలి, విండోస్ కాదు. 7వ తేదీ లోపు సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిచి పాజ్ పెట్టండి. విండోస్ 11లో ఒక వారం నుంచి ఐదు వారాల దాకా పెట్టుకోవచ్చు, 15వ తేదీ దాటేలా రెండు వారాలు చాలు. ఒకవేళ అప్పటికే అప్‌డేట్ దిగి రీస్టార్ట్ కోసం కాచుకుని ఉంటే పాజ్‌ను నమ్ముకోకండి. గడువుకు ఇంకా రెండు మూడు రోజులుంటే ఆ సాయంత్రమే కానిచ్చేసి, మర్నాడు పొద్దున్నే అన్నీ పరీక్షించుకోవడం మేలు. అదే పేజీలో కొత్త అప్‌డేట్లు రాగానే ముందుగా తీసుకునే స్విచ్ ఒకటి ఉంటుంది. ఆఫీసు సిస్టమ్‌లో దాన్ని ఆఫ్‌లోనే ఉంచండి. యాక్టివ్ అవర్స్ కూడా, అంటే విండోస్ తనంతట తాను రీస్టార్ట్ కాకూడని వేళలు, మీ పనివేళలకు సరిపోయేలా మార్చండి. పద్దెనిమిది గంటల దాకా ఇవ్వొచ్చు. గడువు రోజుల్లో రాత్రి పదకొండు దాకా కూర్చునే ఆఫీసులో పొద్దున ఎనిమిది నుంచి ఐదు అని వదిలేస్తే ఉపయోగం లేదు.

అప్‌డేట్ వేసే ముందు ఒక అరగంట కేటాయించాలి. మొదట బ్రౌజర్‌లోవి బయటికి తీసి పెట్టుకోవడం. బుక్‌మార్క్‌లు ఎక్స్‌పోర్ట్ చేస్తే ఒక చిన్న ఫైల్ వస్తుంది. పాస్‌వర్డ్‌లు కూడా ఎక్స్‌పోర్ట్ అవుతాయి కానీ ఆ ఫైల్‌ను ఎవరు తెరిచినా అన్నీ చదవగలరు. అందుకని దాన్ని డెస్క్‌టాప్ మీద వదలకండి. పెన్‌డ్రైవ్‌లో పెట్టి బీరువాలో పడేసి, సిస్టమ్‌లోని కాపీని డిలీట్ చేయండి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి.

తర్వాత రిస్టోర్ పాయింట్, అంటే తేడా వస్తే సిస్టమ్‌ను వెనక్కి తీసుకెళ్లడానికి గుర్తు. స్టార్ట్ మెనూలో రిస్టోర్ పాయింట్ అని వెతికితే ఒక చిన్న విండో వస్తుంది. అందులో సీ డ్రైవ్ ఎదురుగా ప్రొటెక్షన్ ఆఫ్ అని ఉండటం చాలా సిస్టమ్‌లలో మామూలే. ముందు ఆన్ చేసి ఆ తర్వాతే క్రియేట్ నొక్కాలి. ల్యాప్‌టాప్ అయితే డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ, అంటే ఆ 48 అంకెలు, మీ దగ్గర ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. 2024 జులై అప్‌డేట్ తర్వాత కొన్ని సిస్టమ్‌లు ఆన్ కాగానే ఆ కీ అడిగాయి. అది లేకపోతే బ్రౌజర్ సంగతి దేవుడెరుగు, డెస్క్‌టాప్ కూడా కనిపించదు.

అన్నిటికన్నా ముఖ్యం రెండో బ్రౌజర్. ఉత్తినే ఇన్‌స్టాల్ చేసి వదిలేసింది కాదు, సిద్ధంగా ఉన్నది. క్రోమ్ వాడేవాళ్లు ఫైర్‌ఫాక్స్‌లో ఒకసారి జీఎస్టీ పోర్టల్‌కు లాగిన్ అయి, డిజిటల్ సిగ్నేచర్ (డీఎస్‌సీ) టోకెన్ పెట్టి, సంతకం చేయించే ఎమ్‌సైనర్ సాఫ్ట్‌వేర్ దాన్ని గుర్తిస్తోందో లేదో చూసి, బ్యాంకు సైట్ కూడా తెరిచి చూడాలి. ప్రొప్రైటరీ, పార్ట్‌నర్‌షిప్ పార్టీలకైతే టోకెన్ మొరాయించినా ఓటీపీతో ఫైల్ చేసి బయటపడొచ్చు. కంపెనీలకు, ఎల్ఎల్‌పీలకు ఆ దారి లేదు, డీఎస్‌సీ తప్పనిసరి. అలాంటి పార్టీలున్న ఆఫీసులో కనీసం ఒక సిస్టమ్‌ను రిటర్న్‌లు అయిపోయేదాకా అప్‌డేట్ చేయకుండా ఉంచడం నా లెక్కలో అన్నిటికన్నా చవకైన బీమా. జీఎస్టీఆర్-1 డేటా టాలీ నుంచి జేసన్ ఫైల్‌గా తీసి వేరే చోట ఉంచుకుంటే ఆ సిస్టమ్ నుంచి ఎక్కించడానికి నిమిషాలు చాలు.

ఇప్పుడు అప్‌డేట్ పడింది, బ్రౌజర్ తెరిచారు. తెల్లగానో నల్లగానో నిలబడిపోయింది. మౌస్ కదులుతోంది, క్లిక్ మాత్రం పనిచేయడం లేదు. కంగారుగా పది క్లిక్‌లు కొట్టొద్దు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్‌లో డిస్క్ అన్న వరస చూడండి. పాత హార్డ్ డిస్క్ ఉన్న సిస్టమ్‌లలో అప్‌డేట్ తర్వాత ఫైళ్ల ఇండెక్సింగ్, విండోస్ యాంటీవైరస్ డిఫెండర్ స్కానింగ్ వెనక నడుస్తూ డిస్క్ నూరు శాతం దగ్గర ఆడుతుంటుంది. అది హ్యాంగ్ కాదు, రద్దీ. టీ తాగి రండి. డిస్క్ ఖాళీగా ఉన్నా బ్రౌజర్ కదలట్లేదంటేనే అసలు సమస్య.

అప్పుడు చేయాల్సిన మొదటి పని రీస్టార్ట్. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయడం కాదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్‌లో సిస్టమ్ పూర్తిగా ఆగదు, కెర్నెల్ (విండోస్ గుండెకాయ) స్థితిని డిస్క్‌లో దాచుకుని మళ్లీ అదే లేపుతుంది. డ్రైవర్లతో సహా అన్నీ కొత్తగా మొదలవ్వాలంటే రీస్టార్టే కొట్టాలి. రెండు మూడుసార్లు ఆఫ్ చేసి ఆన్ చేశామండీ అని చెప్పేవాళ్లలో ఎక్కువమంది అసలు రీస్టార్ట్ చేసి ఉండరు.

దానికీ లొంగకపోతే అనుమానం గ్రాఫిక్స్ మీదికి వెళ్లాలి. నేటి బ్రౌజర్లు పేజీని గీసే పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగిస్తాయి. అప్‌డేట్‌తో పాటు ఆ చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, మారినా, పాత డ్రైవర్ కొత్త విండోస్‌తో సర్దుకోకపోయినా, బ్రౌజరే మొదట బిగుసుకుంటుంది. నోట్‌ప్యాడ్, ఎక్సెల్ హాయిగా నడుస్తూ క్రోమ్ ఒక్కటే నిలబడిపోతే ఇదే మొదట చూడాలి. విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ ఒకేసారి నొక్కండి. స్క్రీన్ ఒక్క క్షణం ఆరి, చిన్న శబ్దంతో గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. తెరిచిన ఫైళ్లకు ఏమీ కాదు. 2018లో విండోస్ 10 ఏప్రిల్ అప్‌డేట్ తర్వాత కొన్ని సిస్టమ్‌లు క్రోమ్ వాడుతుండగా నిలబడిపోయినప్పుడు మైక్రోసాఫ్ట్ చెప్పిన తాత్కాలిక ఉపాయాల్లో ఇదొకటి. అసలు మందు మే 8న కేబీ4103721 అప్‌డేట్‌గా వచ్చింది.

ఈ నాలుగు కీలతో కాసేపు తెరుచుకుంటే ఆ సందులోనే సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. క్రోమ్‌లో సిస్టమ్ విభాగంలో గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆఫ్ చేసి రీలాంచ్ నొక్కాలి. ఫైర్‌ఫాక్స్‌లో పర్ఫార్మెన్స్ దగ్గర సిఫార్సు చేసిన సెట్టింగ్స్ అన్న టిక్ తీస్తే కింద హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ బయటపడుతుంది. ఫైర్‌ఫాక్స్‌కు ఇంకో వెసులుబాటు ఉంది. షిఫ్ట్ నొక్కి పట్టుకుని తెరిస్తే ట్రబుల్‌షూట్ మోడ్‌లో వస్తుంది. అందులో ఎక్స్‌టెన్షన్లు, హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ రెండూ ఆగిపోతాయి. క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లను అనుమానిస్తే ఇన్‌కాగ్నిటోలో చూడండి, మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప అక్కడ అవి నడవవు. తర్వాత తీరిగ్గా డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్ డ్రైవర్ రోల్‌బ్యాక్ చేయొచ్చు. ఆ బటన్ బూడిదరంగులో ఉంటే వెనక్కి వెళ్లడానికి పాత డ్రైవర్ లేదని అర్థం. అప్పుడు ల్యాప్‌టాప్ తయారీదారు సైట్ నుంచే డ్రైవర్ తెచ్చుకోవాలి, డ్రైవర్ అప్‌డేటర్ పేరుతో దొరికే సాఫ్ట్‌వేర్ల జోలికి వెళ్లకండి.

చేయకూడని పని ఒకటుంది. కోపంలో బ్రౌజర్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేస్తూ, బ్రౌజింగ్ డేటా కూడా తీసేయాలా అన్నచోట టిక్ పెట్టేయడం. సింక్ లేని సిస్టమ్‌లో పాస్‌వర్డ్‌లన్నీ దాంతో పోతాయి. అసలు సమస్య డ్రైవర్‌దైతే బ్రౌజర్ మళ్లీ వేసినా అలాగే హ్యాంగ్ అవుతుంది.

నేరం ప్రతిసారీ అప్‌డేట్‌దే అనుకోవడం కూడా కుదరదు. 2022 జనవరి 11న విండోస్ అప్‌డేట్లు వచ్చాయి. రెండు రోజులకే, 13న, ప్రపంచమంతటా ఫైర్‌ఫాక్స్ పేజీలు తెరవడం మానేసింది. దానికి విండోస్‌తో సంబంధమే లేదు. మొజిల్లా వాడే క్లౌడ్ సర్వర్లలో ఒక మార్పు జరిగి, దాంతో ఫైర్‌ఫాక్స్ సర్వర్లతో మాట్లాడే హెచ్‌టీటీపీ3 కోడ్‌లో దాగి ఉన్న బగ్ బయటపడి, ప్రోగ్రాం అంతులేని లూప్‌లో చిక్కుకుంది. ఆ రోజు విండోస్ అప్‌డేట్ తీసేసినా ఫలితం ఉండేది కాదు. అందుకే ఏదైనా అన్‌ఇన్‌స్టాల్ చేసే ముందు అప్‌డేట్ పడని సిస్టమ్‌లో అదే బ్రౌజర్ ఎలా ఉందో చూడండి. అక్కడా అంతే అయితే మీ సిస్టమ్‌ను కెలకకుండా రెండో బ్రౌజర్‌లో పని కానివ్వండి.

జీఎస్టీ చలానా కడుతుండగా హ్యాంగ్ అయితే మాత్రం ఈ ప్రయోగాలేవీ వద్దు. మళ్లీ కట్టొద్దు. ఫోన్‌లో బ్యాంకు ఖాతా చూడండి, డబ్బు కట్ అయిందా లేదా. కట్ అయితే చలానా మీద ఉండే సీపిన్ నంబర్‌తో పోర్టల్‌లో చెల్లింపు స్థితి చూసి, పోర్టల్‌లో మన డబ్బు లెక్క చూపే క్యాష్ లెడ్జర్‌లో జమ పడేదాకా ఆగాలి. సీపిన్ రాసి పెట్టుకోనివాళ్లు ఇక్కడే ఇబ్బంది పడతారు, అందుకే చలానా తయారవగానే పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసుకుని ఆ తర్వాతే పే బటన్ నొక్కండి. డబ్బు కట్ అయినా లెడ్జర్‌లోకి రాకపోతే జీఎస్టీ పీఎంటీ-07 ఫారంలో ఫిర్యాదు చేయాలి. ఆ ఫిర్యాదులోనూ సీపిన్ ఇవ్వాల్సి ఉంటుంది, బ్యాంకు డెబిట్ స్క్రీన్‌షాట్ కూడా దగ్గర ఉంచుకోండి.